వేలెడు సందు

తాళాలాయన గది బయట నేల మీద బోర్లా పడుకుని, లోపలి గడియకు తగిలించిన దారం రెండు కొసలూ తలుపు కింది సందులోంచి కలిపి లాగాడు. లోపల కింది గడియ జారి నేలలోని గుంటలో టక్కున పడింది. ఒక కొస వదిలేసి రెండోది లాగితే దారమంతా చేతికొచ్చింది. పొద్దుట్నుంచి ఇది ఏడోసారి. లోపల ఉల్లిపాయలు తరుగుతున్న భార్య ఏడోసారి కూడా లేచి గడియ తీసింది.

“పడింది కదా?” అన్నాడు.

“పడదని నేనన్నానా? అన్నది మీ ఎడిటరు గారు.”

పగలు తాళాలు బాగుచేస్తూ, తీరికలో అపరాధ పరిశోధన కథలు రాయడం ఆయనకు పద్దెనిమిదేళ్ల అలవాటు. ఎడిటరును ఒక్కసారీ చూడలేదు. మొదటి కథ తిరుగు టపాలో వచ్చినప్పుడు అంచున ఎర్రసిరాతో ఒక్క ముక్క ఉంది: “చేసి చూశారా?” అప్పట్నుంచి తన చేత్తో చేసి చూడనిదేదీ ఆయన రాయలేదు.

ఇప్పుడు నడుస్తున్న సీరియల్‌లో ఇంటి యజమాని లోపల గడియ వేసిన గదిలో చనిపోయి ఉంటాడు. ఇంట్లో వడ్రంగం పనులు చూసే బావమరిదే చంపి, బయటికొచ్చి దారంతో గడియ వేశాడన్నది ముగింపు. ఆ చివరి భాగమే నిన్న వెనక్కి వచ్చింది. మా ఆఫీసు తలుపు మీద మూడుసార్లు ప్రయత్నించాను, రెండుసార్లు దారం తెగింది, మూడోసారి నా గోరు విరిగింది అని రాశాడు ఎడిటరు. శుక్రవారానికి సరిచేసి పంపకపోతే, అది ఆత్మహత్యేనని నాలుగు వాక్యాల్లో తానే ముగిస్తాడట. ఇకపైన సీరియల్ కూడా అడగడట.

తాళాలాయన వెంటనే జవాబు రాశాడు. మీకు దారం పట్టుకోవడం చేతకాదని దాని సారాంశం. కవరు అంటించబోతుంటే భార్య చదివి పక్కన పెట్టింది.

“తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లని. పద్దెనిమిదేళ్లుగా ఉత్తరాలు రాస్తున్నారు, ఆయన తలుపు ఎప్పుడైనా చూశారా?”

తాళాలాయన వెళ్లి, కింది వాటాలోని దర్జీ తలుపు అడిగి మరీ ప్రయత్నించాడు. దారం గడప దగ్గరే బిగుసుకుని పుటుక్కున తెగింది. రెండో దారానికీ అదే గతి. అన్నా, నా తలుపు కింద చీమ కూడా దూరదు, దారమెలా దూరుతుంది అని నవ్వాడు దర్జీ.

పైకొచ్చి తన తలుపు కింద వేలు పెట్టి చూశాడు. వేలు సులువుగా పట్టింది. పోయిన వానల్లో తలుపు ఉబ్బి నేలకు రాసుకుంటుంటే, చిత్రిక పట్టి అడుగు చెక్క గీసేసింది తనే. ఆ సంగతి మరిచిపోయి, లోకంలోని తలుపులన్నీ తన తలుపులాంటివే అనుకున్నాడు.

అచ్చయిన భాగాలు తీసి మొదట్నుంచి చదివాడు. రెండో భాగంలో, వానలకు ఇంట్లో తలుపులన్నీ బిగుసుకున్నా ఆ గది తలుపు మాత్రం చప్పుడు లేకుండా తెరుచుకుందని ఉంది. తన ఇంటి తలుపు కళ్లముందుండి రాసిన వాక్యమే తప్ప, అప్పుడు దాన్ని దేనికీ ఉద్దేశించలేదు. ఇప్పుడు దాని కింద గీత గీశాడు.

కొత్త ముగింపులో డిటెక్టివ్ వెంటనే దారం సంగతి ఎత్తడు. ముందు మోకాళ్ల మీద కూర్చుని తలుపు కింద వేలు పెడతాడు. మిగతా తలుపుల అడుగున పాత రంగు ఉంది, దీని అడుగున కొత్తగా కోసిన తెల్లటి చెక్క. వారం ముందు దీన్ని చిత్రిక పట్టిందెవరని అడుగుతాడు. ఇంట్లో చిత్రిక పట్టడం తెలిసినవాడు ఒక్కడే.

భార్య ఆరు పేజీలూ చదివి, దారం ఎక్కడిదో ఒక మాట రాయమంది. రాశాడు. పాత జవాబు చించేసి, చిన్న కాగితం జతచేశాడు: “మీ తలుపే సరైనది. వేలెడు సందు లేనిదే పని జరగదు. ఈసారి రెండు తలుపుల మీద చేసి చూశాను. గోరుకు నూనె రాయండి.”

నాలుగు గంటల టపాకు ఇంకా పావుగంట ఉండగా, పోస్టాఫీసు కిటికీలోంచి కవరు అందించాడు. గుమస్తా చిరునామా చూసి, చంపిందెవరండీ అని మెల్లగా అడిగాడు. ముందు ముద్ర వేయండి అన్నాడు తాళాలాయన. గుమస్తా ముద్ర వేసి కవరును సంచిలో పడేశాడు.