సేతుమాధవరావు సార్ మూడు ప్రశ్నలు

సేతుమాధవరావు సార్‌ను ఉప్పు ఎక్కడుందని అడిగినవాళ్ళు చప్పిడి అన్నమే తిని పోవాలి. ఏ వస్తువైనా సరే, మూడు ప్రశ్నలు వేయనిదే ఆయన ముట్టుకోడు. ఇది ఏ రకం? దీనికి ఏమేం భాగాలున్నాయి? ఏ పనికొస్తుంది? ఆదోనిలో ముప్పై ఏళ్ళు సైన్సు చెప్పి రిటైరయ్యాడు గానీ, ఆ జబ్బు మాత్రం ఇంకా సర్వీసులోనే ఉంది.

"పెళ్ళిచూపుల్లో నన్ను గూడ 'నువ్వు ఏ పనికొస్తావు' అని అడిగినారమ్మా. మా నాయన లేసి పోబోయినాడు" అని ఆయన భార్య ఇందిరాబాయి అనూరాధకు చెప్పింది.

అనూరాధది ఎమ్మిగనూరు. కంప్యూటర్లు నేర్పే పని. ఒకరి సామాను ఒకరు ఎరువు తెచ్చుకోవడానికి, సార్ మాట మీద నలభై ఊళ్ళ ఫోన్లకు ఒక ప్రోగ్రాం రాసింది. ఎవరి దగ్గరున్న సామాను వాళ్ళు తమ ఫోన్లోనే రాసుకుంటారు. అన్నిటినీ దాచే పెద్ద కంప్యూటరంటూ ఎక్కడా లేదు. ఒకరికి నిచ్చెన కావాలంటే ఆ ఫోను తనకు తెలిసిన ఫోన్లను అడుగుతుంది, అవి తమకు తెలిసినవాటిని అడుగుతాయి. అలా గోనెగండ్లలో పుట్టిన ప్రశ్న కృష్ణగిరి దాకా పోతుంది.

చిక్కల్లా పేర్లతోనే. ఒకరు 'మందు పంపు' అని రాస్తే ఇంకొకరు 'వీపు డబ్బా' అని రాస్తారు. రెండూ ఒకటేనని ఫోనుకెలా తెలుస్తుంది? అందుకే ఏది దేని కిందికి వస్తుందో, దేనికి ఏ భాగాలుంటాయో సార్ పట్టిక గీశాడు. అనూరాధ చదువుల్లో దాన్ని ఆంటాలజీ అంటారు. సార్ మాత్రం సామాను వంశవృక్షం అనేవాడు. ఎద్దు ఒక్కదానికే పంతొమ్మిది రోజులు పట్టింది.

"ప్రాణుల్లో పెడితే పనిముట్లు వెతికేవాళ్ళకు దొరకదు. యంత్రాల్లో పెడదామా బసన్నా?"

"నా ఎద్దు ఒప్పుకోదు సార్" అన్నాడు రైతు బసన్న.

అనూరాధకు అర్థం కానిది ఒక్కటే. "ఎవరికి కావాలి అనే ప్రశ్న కూడా పెడదాం సార్. ఏ దరఖాస్తులోనైనా ఉంటుంది గదా?"

"అది వస్తువు లక్షణం కాదు" అని సార్ కొట్టేసేవాడు. అన్నీ అడిగే మనిషి అదొక్కటి ఎందుకు వద్దంటున్నాడో ఆమెకు అంతుపట్టలేదు.

ఒకరోజు పొద్దున గోనెగండ్ల నుంచి సార్ ఇంటికి హులిగమ్మ వచ్చింది. కూలికి పోయే మనిషి. విత్తనం గొర్రు తిరిగివ్వడానికి వచ్చిన బసన్న కూడా అక్కడే కూర్చుని ఉన్నాడు.

"కుర్చీ గావాల సార్."

"ఏ రకం?"

"కుర్చీ రకమే సార్."

అనూరాధ వెతికితే టెంటు సామాను వాళ్ళ ప్లాస్టిక్ కుర్చీలు మూడొందలు తేలాయి. హులిగమ్మ తల అడ్డంగా ఊపింది.

"ఏ పనికమ్మా?"

ఆమె బసన్న వైపు చూసి కొంగు నులిమింది. "మా అత్తకు తుంటి ఇరిగింది సార్. రేపే ఆస్పత్రి నుంచి తెస్తాండారు. కింద కూకోలేదు. నేను పనికి పోతే పొద్దున పూట..." అని ఆగిపోయింది. బసన్న చెవులు రిక్కించాడు.

సార్ గొంతు పెంచాడు. "అనూరాధా, ముందు నాకొకటి గావాల. మోకాళ్ళు పట్టేసినాయి. రాసుకో. రకం: ఆసరా. భాగాలు: కాళ్ళు నాలుగు, చేతిపిడులు రెండు, నడుమ రంధ్రం. పని: మరుగుదొడ్డి."

"అయ్యో! మొన్ననే కొండెక్కినారు గదా సార్?" అన్నాడు బసన్న.

"అవి మొన్నటి మోకాళ్ళు."

ప్రశ్న ఊరూరా తిరిగి, నాలుగు నిమిషాల్లో ఆస్పరి వీరన్న ఫోన్లో తగిలింది. చనిపోయిన తండ్రి కుర్చీని అతను 'కడవ స్టాండు' అని రాసుకున్నాడు. పేరుతో వెతికితే జన్మలో దొరికేది కాదు. పిడులూ రంధ్రమూ పట్టించాయి. భాగాల ప్రశ్నకు ఇన్నాళ్ళూ నవ్వినందుకు అనూరాధ సిగ్గుపడింది.

మధ్యాహ్నానికి వీరన్న కుర్చీతో పాటు మోకాళ్ళ నూనె కూడా తెచ్చాడు. అతను చూస్తుండగా సార్ బుద్ధిగా రెండు మోకాళ్ళకూ నూనె రుద్దుకున్నాడు. వీరన్న అటు పోగానే కుర్చీ గోనెగండ్ల ఆటో ఎక్కింది. "మా అత్త మానం నిలబెట్టినారు సార్" అని హులిగమ్మ చేతులు జోడించింది.

అనూరాధ ఊరుకోలేక, సార్ ఫోను నుంచి ఏడాదిగా ఏమేం అడిగారో తీసి చూసింది. చంకకర్రలు ఒక జత. ఆరేళ్ళ పాపకు చెప్పులు. పెళ్ళికూతురి పట్టుచీర. బాలింత బట్టల మూట. అన్నీ ఆయన పేరు మీదే! ఆమె పడీపడీ నవ్వింది. నవ్వుతుంటేనే కళ్ళు చెమర్చాయి. ఎవరికి కావాలి అనే నాలుగో ప్రశ్న ఊసు మళ్ళీ ఎత్తలేదు.

వారం తర్వాత సార్ పూజలో ఉండగా కృష్ణగిరి నుంచి మారుతి అనే కూలీ వచ్చాడు. నాలుగు రోజుల్లో పెళ్ళి. పట్టుపంచె ఎరువు తెచ్చుకున్నాడని ఆడపెళ్ళివాళ్ళకు తెలియకూడదట. అనూరాధ తన ఫోన్లో అడిగిన కాసేపటికే వీరన్న ఫోన్ చేశాడు.

"పెండ్లికొడుకు పట్టుపంచె నా కాడ ఉండాది. ఎవరికమ్మా?"

"నాకే అన్నా."



"సార్ కాడ పని చేస్తాండావు గదమ్మా, అట్లనే అయితాదిలే. పంపిస్తా" అన్నాడు వీరన్న.