దాటించని గండం

శకుంతలమ్మ రోజూ ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగుకు బస్సులో పోయి వస్తుంది. అక్కడి జూనియర్ కాలేజీలో ఇరవై రెండేళ్లుగా తెలుగు చెబుతోంది. పురోహితుడి కూతురు. తండ్రి బాలసుబ్బయ్య దగ్గరికి ముహూర్తాల కోసం వచ్చేవాళ్లను చూస్తూ పెరిగింది. అందుకని మనుషుల భయాలన్నీ తనకు తెలుసనీ, తనకు మాత్రం అవి లేవనీ అనుకునేది.

ఇంటర్ రెండో ఏడాది పిల్లలకు నోటి సాహిత్యం చెప్పే రోజుల్లో పుస్తకాలు మూయించేది. ఎవరింట్లో ఎట్లా పలుకుతారో అట్లాగే పలకమనేది.

"మా అవ్వ మాదిరి మాట్లాడితే అందరూ నగుతారు మేడం" అనేవాళ్లు పిల్లలు.

"నగనీ. నగినోడు లేసి రెండుసార్లు పలకాల."

జనవరిలో ఒక రోజు ఎరుకల సుంకమ్మను తరగతికి పిలిపించింది. సోది ఎట్లా చెబుతారో పిల్లలు చెవులతో వినాలని ఆమె కోరిక. సుంకమ్మ నేల మీద కూర్చుని చేట ముందు పెట్టుకుంది.

"ఎవరికి చెప్పాల?"

"నాకు చెప్పవ్వా, ఫిజిక్సు పాసవుతానో లేదో" అన్నాడు సాయికిరణ్ వెనక బెంచీ నుంచి.

"దానికి సోదెందుకు నాయనా, నీ మొగం చూస్తే తెలుస్తాంది" అంది సుంకమ్మ. తరగతి గొల్లుమంది.

మైలవరం నుంచి వచ్చే మేఘన లేచి ముందుకొచ్చి చెయ్యి చాపింది. చేటలో బియ్యం పోయాలి. శకుంతలమ్మ ఇంటి నుంచి పొట్లం కట్టి తెచ్చిన బియ్యాన్ని తనే పోసింది. సుంకమ్మ దేవతలను ఒక్కొక్కరినే పిలిచింది. పిల్లలు ఫోన్లు పైకెత్తి రికార్డు చేసుకుంటున్నారు.

"ముగ్గురుండే ఇల్లు తల్లీ. ముగ్గురిలో ఒకరికి నీళ్ల గండముండాది. కండ్లకు కనపడతాంది..."

గంట కొట్టారు. లెక్కల సారు తలుపు దగ్గర నిలబడి గడియారం చూసుకున్నాడు.

"చాల్లే సుంకమ్మా. మిగిలింది మళ్లొచ్చినప్పుడు చెబుదువులే."

"నడమ లేయకూడదమ్మా. కొంచెం సేపే..."

"సారొచ్చినాడు, లేయి."

సుంకమ్మ మేఘన చెయ్యి వెంటనే వదల్లేదు. తర్వాత బియ్యం కొంగుకు ముడేసుకుని వెళ్లిపోయింది.

మర్నాటి నుంచి మేఘన కాలేజీకి రాలేదు. పదకొండో రోజు శకుంతలమ్మ మైలవరం పోయింది. వచ్చే శుక్రవారం ప్రాక్టికల్సు. రాకపోతే ఆ పిల్లకు ఏడాది పోయినట్టే.

మేఘన రిజర్వాయరు కట్ట మీద కూర్చుని ఉంది. దూరంగా నీళ్లలో వాళ్ల నాయన పుట్టి మీద వల లాగుతున్నాడు. ఆ పిల్ల చూపు అక్కడి నుంచి కదలడం లేదు.

"పొద్దన వచ్చి కూసుంటే ఆయన గట్టెక్కినాకనే ఇంటికొస్తాంది" అంది తల్లి రాధమ్మ. "సదువు చెప్పమని పంపిస్తే గండాలు చెప్పిస్తిరే మేడం! మేం ముగ్గురమే. మా బతుకంతా నీళ్ల మీదే."

"అది పాఠమమ్మా. నిజం కాదు."

"నిజం కాకపోతే ఎందుకు నేర్పిస్తాండారు?"

శకుంతలమ్మ పోయి మేఘన పక్కన కూర్చుంది. మేఘన తల తిప్పకుండానే అంది: "గండం చెప్పినాక దాటిస్తారంట మేడం. దాటించకుండా లేస్తే అది ఆడనే నిలబడుతుందంట. మా అవ్వ ఫోన్లో చెప్పింది."

"సరే. దాటించుకుందాం. ఆదివారం పోదాం రా."

సుంకమ్మది వేముల దగ్గర పల్లె. ఆదివారం పొద్దున శకుంతలమ్మ బయల్దేరేటప్పుడు భర్త సాయిప్రసాద్ లుంగీ ఎగ్గట్టి వాకిట్లో నీళ్ల సంపు మూత తీస్తున్నాడు. పాచి పట్టిందని నెల నుంచీ అంటున్నాడు. మేఘన ముద్దనూరులో కలిసింది. ఇద్దరూ పులివెందులలో బస్సు మారారు.

సుంకమ్మ వాళ్లను చూడగానే లోపలికి పోయి ఒక గుడ్డమూట తెచ్చింది. విప్పితే బియ్యం. పురుగు పట్టి ఉంది.

"ముగించని సోది బియ్యం మేం వండుకోము. పారేయము కూడా. నాగ్గూడా నిద్ర పట్టల్యా తల్లీ" అని, మేఘన వైపు చూసి అడిగింది: "ఇవి మీ ఇంటివే కదా?"

"కాదు. మేడం పోసింది."

సుంకమ్మ చెయ్యి ఆగింది. "మీ ఇంటివామ్మా?"

"అవును" అంది శకుంతలమ్మ.

"అయితే ఈ పిల్లది కాదు. బియ్యం ఎవరింటివో సోది వాళ్లింటిది. నేను ఆ పొద్దే అడగాల్సింది. మీ ఇంట్లో ఎంతమంది?"

శకుంతలమ్మ లెక్కపెట్టుకుంది. భర్త, కూతురు రమ్యశ్రీ, తను.

మేఘన ముఖం ఒక్కసారిగా తేటపడింది. వెంటనే సిగ్గుపడి తల దించుకుంది. శకుంతలమ్మ ఫోను తీసి భర్తకు చేసింది. మోగి మోగి ఆగింది. మళ్లీ చేసింది. రమ్యశ్రీకి చేసింది. ఆ పిల్లా ఎత్తలేదు. మూత తీసిన సంపు, అందులోకి దించిన మోటరు, నీళ్లలో వేలాడే వైరు, ఒకదాని వెంట ఒకటి కళ్ల ముందుకొచ్చాయి. ఇదంతా నిజం కాదని రాధమ్మకు తానే చెప్పిన మాటను గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించింది. గుర్తొచ్చింది కానీ ఫోను పక్కన పెట్టి బియ్యం మూట ముందు కూర్చుంది.

"మొదలుపెట్టు సుంకమ్మా."

"మొదటి నుంచీ చెప్పాల. నడమ ఆపితే ఈసారి నా వల్ల కాదు."

"ఆపను."

సుంకమ్మ దేవతలను పిలవడం మొదలుపెట్టింది. ఏ పేరూ తొందరపడి పలకలేదు. సగంలో ఫోను మోగింది. తెర మీద భర్త నెంబరు. శకుంతలమ్మ చెయ్యి దాని వైపు పోయింది. సుంకమ్మ కళ్లు మూసుకునే ఉంది, గొంతు ఆగలేదు. ఆ నెంబరు నుంచి మాట్లాడేది ఆయనో, పక్కింటివాళ్లో! ఫోను ఆగి మళ్లీ మోగింది. మేఘన దాన్ని తీసి తన ఒళ్లో బోర్లించి పెట్టుకుని, రెండో చేత్తో మేడం మోచెయ్యి పట్టుకుంది.

"...ముగ్గురిలో ఒకరికి నీళ్ల గండముండాది తల్లీ. మోకాటి మట్టుకు వచ్చినాది, నడుము మట్టుకు వచ్చినాది, గొంతు మట్టుకు వచ్చినాది..."

మూడోసారి ఫోను మోగింది.

"...దాటినాది. గట్టెక్కినాది. నీ గడపకు సల్లన."

శకుంతలమ్మ ఫోను లాక్కుంది.

"ఏందిమే, అన్నిసార్లు చేసినావు?" అన్నాడు సాయిప్రసాద్. "సంపులో ఉన్న్యా. రమ్య పైన బట్టలు ఆరేస్తాంది. నేను చేస్తే నువ్వెత్తవు!"

"మోటరు ఆపినావా?"

"యాడ మోటరు? బకెట్లతో తోడినాం. ఎందుకు ఏడుస్తాండావు?"

ఆమె ఫోను పెట్టేసింది. సుంకమ్మ పురుగుల బియ్యాన్ని పిట్టలకు చల్లింది.

శుక్రవారం మేఘన ప్రాక్టికల్సుకు వచ్చింది. శకుంతలమ్మ సంపుకు ఇనుప మూత, దానికి తాళం వేయించింది. తాళం దేనికని భర్త అడిగితే పిల్లులు పడతాయంది. ఇప్పటికీ ఏటా సోది పాఠం చెబుతుంది. ప్రిన్సిపాలును అడిగి ఆ రోజుకు ఆఖరి పీరియడు తీసుకుంటుంది, దాని తర్వాత ఎవరూ వచ్చి తలుపు దగ్గర నిలబడరు. బియ్యం మాత్రం ఇంటి నుంచి తీసుకుపోదు. దారిలో అంగట్లో కొంటుంది. అంగడి ఆయనింట్లో ఎంతమంది ఉంటారో ఆమె ఎప్పుడూ అడగలేదు.