కాజీపల్లి క్యాంటీన్‌లో రెండో ఓపెనర్

ఆ రోజుల్లో మన దేశపు క్రికెట్ జట్టు విదేశాలకు బయలుదేరుతోందంటే, ఓపెనర్లెవరో తేల్చేది కాజీపల్లిలోని మా మందుల ఫ్యాక్టరీ క్యాంటీన్. (అసలు సెలెక్టర్లు మా మాట వినేవారు కాదు. అది వాళ్ల ఖర్మ.) ఇరవై ఏళ్లు దాటినా పాత సహోద్యోగులు ఒక ఎంపిక గురించి నన్ను ఆడిపోసుకుంటూనే ఉన్నారు కాబట్టి, జరిగింది నేనే చెప్పేస్తున్నాను. తప్పు చేశాను. కానీ వాళ్లనుకునే తప్పు కాదు.

మొదటి ఓపెనర్ మీద ఎవరికీ పేచీ లేదు. రెండోవాడి దగ్గరే గొడవ. బాయిలర్ నడిపే పెద్దాయన, మా అందరి బాయిలరన్న, బాదేవాడు కావాలన్నాడు. ల్యాబ్‌లో కొత్తగా చేరిన నేను, ఓపిగ్గా బంతులు వదిలేసేవాడు కావాలన్నాను. "అక్కడ బాల్ స్వింగ్ అయితదన్నా, వదిలేటోడే నిలబడ్తడు" అంటే, "వదిలేటందుకు గంత దూరం ఇమానంల ఎందుకు తమ్మీ? వెలిమెల బస్టాండుల కూసోని గూడ వదలొచ్చు!" అన్నాడు. క్యాంటీనంతా నవ్వింది. నాకు మండింది.

మా దగ్గర ఒక రివాజు ఉండేది. ఎవరి వాదం ఓట్లలో గెలిస్తే, ఆ ఆదివారం ఫ్యాక్టరీ జట్టుకు వాళ్లే రెండో ఓపెనర్‌గా దిగి, దాన్ని బ్యాటుతో రుజువు చేయాలి. ఆ వారం మ్యాచ్ వెలిమెలలో. అది బాయిలరన్న అత్తగారి ఊరు. "ఒక్కపారన్న మా బామ్మర్దుల ముంగట ఓపెనింగ్ దిగాలె తమ్మీ, రమ్మని చెప్పిన" అని నాతోనే అన్నాడు. (నేను తల కూడా ఊపాను.) చీటీలు వేసేది పసుపు హెల్మెట్‌లో. లెక్కపెట్టేది నేను, ల్యాబ్ వాడికి లెక్క తప్పదని అందరి నమ్మకం. సెలవులో ఉన్నవాళ్ల పేరిట ఐదు చీటీలు రాసి వేశాను. మూడు ఓట్ల తేడాతో గెలిచాను.

ఆదివారం బామ్మర్దులు ట్రాక్టర్ ట్రాలీ ఎక్కి కూర్చున్నారు. బాయిలరన్న పక్కనే స్కోరు పుస్తకం పట్టుకున్నాడు. మొదటి బంతి ఆఫ్ స్టంపుకు బయట పడింది. నా సిద్ధాంతం ప్రకారం బ్యాటు పైకెత్తి దర్జాగా వదిలేశాను. అది లోపలికి తిరిగి మిడిల్ స్టంపును ఎగరగొట్టింది. "బావా, ఈ పిలగాన్ని ఏడికెల్లి తెచ్చిన్రే?" అని ట్రాలీ మీంచి కేక. బాయిలరన్న మాత్రం నవ్వకుండా సున్నా రాసుకున్నాడు.

నేను ఆ బంతిని వదిలేయడమే తప్పని మావాళ్లు ఈనాటికీ అంటారు. కాదు. ఆ చీటీలు తప్పు.

పోయిన నెల తెల్లాపూర్‌లో కూరగాయల బండి దగ్గర బాయిలరన్న కనిపిస్తే ఆ మాటే చెప్పాను.

"నాకెర్కే" అన్నాడు నిమ్మకాయలు ఏరుకుంటూ. "ఐదు చీటీలు ఆకుపచ్చ సిరాతోని ఉండె. గా పెన్ను నీ ఒక్కని జేబులనే ఉంటుండె."

"మరి అప్పుడే అడగలేదేందన్నా?"

"మొదటి బాల్‌కే పోయినోన్ని ఏమడుగుతం? గానీ మా బామ్మర్దులు ఇప్పటికీ నన్ను స్కోరు బావ అనే పిలుస్తరు."

నా తల వంగిపోయింది. అలాగే వంచుకుని, "అయినా అన్నా, ఆ బాల్ మాత్రం వదిలేటిదే" అన్నాను.

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "అట్లనా? ఇగో, వదులు!" అంటూ ఒక నిమ్మకాయ విసిరాడు. నా చెయ్యి దానంతటదే లేచి పట్టేసుకుంది.

ఇద్దరం నవ్వుకున్నాం. నిజమే, ఆ రోజు నేను వదలాల్సింది ఒకటుంది. అది బంతి మాత్రం కాదు.