మామ గొర్రెలు, నా మిషన్లు

ఈ రోజు జమ్మలమడుగులో ఒక మీటింగుకు పోయాను. చిన్న వ్యాపారాలతో, టెక్నాలజీతో మన ప్రాంతాన్ని పైకి తేవడానికి ప్లాన్ వేస్తారట. నాకు ప్రొద్దుటూరులో కుట్టు సెంటర్ ఉంది కాబట్టి నన్నూ పిలిచారు. నా ముందు కుర్చీలో పెద్దముడియం మల్లయ్య మామ కూర్చున్నాడు. ఆయన కోడలు మా సెంటర్‌లోనే కుడుతుంది. పొద్దున దారిలో ఆయన గొర్రెల మంద దాటేదాకా పది నిమిషాలు స్కూటర్ ఆపుకున్నాను.

ట్యాబ్‌లో నా వివరాలు రాసుకున్నాక, ఆఫీసరు ఆయన్ని గొర్రెలెన్ని అని అడిగాడు.

“ఎందుకడుగుతాండావప్పా?”

“ప్లాన్ కోసం, పెద్దాయనా.”

“అది ఎవురు చూస్తారు?”

“పైన అందరూ చూస్తారు.”

“అయితే ఇరవై రాసుకో.”

నాకు నవ్వాగలేదు. “ఇరవయ్యేనా మామా?” అని మెల్లగా అడిగాను.

ఆయన వెనక్కి తిరగకుండానే అన్నాడు: “నీ మిషన్లు ఆరేనని రాయిచ్చినావు గదమ్మా, నేనేమన్నా అంటినా?”

ఉన్నవి పదిహేను.

చివర్లో ఆఫీసరు మైకు తీసుకుని, మేమిచ్చిన ఈ లెక్కల మీదే రాబోయే ఐదేళ్ల ప్లాన్ అంతా నిలబడుతుందన్నాడు. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది మల్లయ్య మామే.

మీ ఊళ్లో మీరెన్ని రాయించారు? కామెంట్లలో మాత్రం నిజం చెప్పకండి, పైన అందరూ చూస్తారు.