వెర్లిన్ బావ పళ్ళు పెట్టించుకున్న ఏడాది

వెర్లిన్ హగర్టీ మా అక్క నడీన్ మొగుడు. ఒహాయోలో మా బెల్‌ఫోర్డ్ ఊరు మొత్తానికి గంభీరమైన మనిషి ఎవరంటే అందరూ ఆయన పేరే చెప్పేవారు. పాస్టరు గారు కూడా ఆయన ముందు జోకు వేయడానికి జంకేవాడు. అసలు సంగతి ఇంట్లోవాళ్ళకే తెలుసు. ఆయనకి పై వరుసలో ముందు పన్ను లేదు. పక్కవి రెండూ ఆ సందులోకి ఒరిగి, దారి కోసం తోసుకుంటున్నట్టు ఉండేవి. చిన్నప్పుడు దూడ తన్నింది. వాళ్ళ నాన్న నోట్లోకి తొంగిచూసి, "నమలడానికి వెనకాల బోలెడున్నాయిలే" అని పాలు పితకడానికి వెళ్ళిపోయాడట.

మా ఊళ్ళో ఇంటికప్పు కారుతున్నా ఓర్చుకుంటారు గాని, పిల్లల పళ్ళు వంకరగా ఉంటే ఓర్చుకోరు. మీసాలు రాకముందే క్లిప్పులు వేయించేస్తారు. ముందు పన్ను లేనివాడు కనబడితే వీడు తాగుబోతో, కొట్లాటరాయుడో, పట్టించుకునేవాళ్ళు లేనివాడో అని మనసులోనే తీర్పు చెప్పేసుకుంటారు. బావ బడి చదువు అయ్యాక బ్యాంకులో గుమాస్తా పని అడగడానికి వెళ్ళాడు. లెక్కల్లో దిట్ట. మేనేజరు టాలివర్ గారు ఆయన నోరు తెరిచేదాకా మర్యాదగానే ఉన్నాడట. తెరిచాక "కబురు చేస్తాంలే" అన్నాడు. ఆ కబురు రాలేదు. తర్వాత దాణా కొట్లో పని దొరికింది. అదీ కౌంటరు దగ్గర కాదు, వెనకాల గోడౌన్లో.

"బస్తాలకి నా పళ్ళతో పేచీ లేదురా" అనేవాడు బావ నాతో, పెదాలు విప్పకుండా.

పెదాలు విప్పకుండా మాట్లాడటం, నవ్వొస్తే చెయ్యి అడ్డం పెట్టి దగ్గినట్టు నటించడం, అడిగినదానికి తలాడించి ఊరుకోవడం ఆయనకి అలవాటైపోయాయి. ఆ వాలకం చూసే లిండ్‌క్విస్ట్ గారు తన అంత్యక్రియల హాలుకి పిలుచుకున్నాడు. నల్ల సూటు వేసుకుని గుమ్మంలో నిలబడాలి, వచ్చినవాళ్ళకి తలుపు తీయాలి. అంతే పని.

"నీ ముఖం చూస్తే, పోయినవాడు నీ సొంత అన్నేమో అనిపిస్తుందయ్యా" అని మురిసిపోయేవాడు లిండ్‌క్విస్ట్. ఊళ్ళో ముసలివాళ్ళు బతికుండగానే "నా రోజున గుమ్మంలో హగర్టీయే ఉండాలి" అని చెప్పిపెట్టుకునేవారు.

ఇలా ఉండగా ఆయన కూతురు జనెల్ ఒకణ్ణి ప్రేమించింది. పిల్లవాడు బంగారం. వాళ్ళ నాన్న డాక్టర్ విట్‌కోంబ్ మాత్రం కొలంబస్ నగరంలో పళ్ళకి క్లిప్పులు వేసే డాక్టరు.

ఒక ఆదివారం పిల్లవాడూ, వాళ్ళ అమ్మానాన్నలూ మా అక్క ఇంటికి భోజనానికి వచ్చారు. ముగ్గురూ గుమ్మంలో నిలబడి ఒక్కసారి నవ్వేసరికి వరండాలో లైటు వేసినట్టయింది. డాక్టరు గారు మాట్లాడేటప్పుడు మన కళ్ళలోకి చూడడు, నోట్లోకి చూస్తాడు. నా చెయ్యి పట్టుకుని ఊపుతూనే, "నిద్రలో పళ్ళు కొరుకుతారా?" అని అడిగాడు. కంగారులో మా అక్క ఆలోచించకుండా మొక్కజొన్న పొత్తులు ఉడకబెట్టింది. వెన్న రాసిన పొత్తు కంచంలో పెట్టుకుని బావ దాన్ని పగవాణ్ణి చూసినట్టు చూస్తూ కూర్చున్నాడు. ముందు పన్ను లేనివాడు పొత్తు కొరకాలంటే తల పక్కకి తిప్పి, కుక్క ఎముక కొరికినట్టు కొరకాలి.

చివరికి వియ్యపురాలు ఉండబట్టలేక మా అక్క చెవిలో అడిగింది. "ఏమనుకోకండి వదినగారూ, ఈమధ్య మీ ఇంట్లో ఎవరైనా పోయారా?"

"అబ్బే, లేదండీ. ఆయన తీరే అంత."

"అయ్యో పాపం!" అందావిడ.

వాళ్ళు వెళ్ళాక జనెల్ తండ్రి భుజం మీద చెయ్యి వేసింది. "నాన్నా, నువ్వేం బెంగపడకు. పెళ్ళి ఫోటోల్లో ఎప్పట్లాగే మూతి బిగించి నిలబడు, చాలు."

ప్రేమగా అన్న ఆ మాటే ఆయనకి ముల్లులా దిగింది. మర్నాడు పొద్దున్నే మా ఇంటి ముందు హారన్ మోగింది.

"డోయిల్, ఎక్కరా బండి."

"ఎక్కడికి బావా?"

"పీకించుకోడానికి. పై వరుసంతా."

"ఒక్క పన్ను పెట్టించుకుంటే పోయేదానికి..."

"నలభై ఏళ్ళు దాచుకున్న నవ్వురా ఇది. ఒక్క పన్నుతో సరిపెట్టుకోమంటావా?"

పుండ్లు మానాక కట్టుడు పళ్ళు వచ్చాయి. వయసుకి తగినట్టు కాస్త పసుపు ఛాయవి తీసుకోమని పళ్ళ డాక్టరు చెప్పాడు. బావ వినలేదు, ఉన్నవాటిలో అన్నిటికన్నా తెల్లవి ఎంచుకున్నాడు. మా అక్క చూసి, "కాఫీ కప్పు మింగబోయి మధ్యలో ఆపినట్టున్నావు" అంది.

సరిగ్గా ఆ వారమే బ్యాంకు టాలివర్ గారు పోయాడు. బావ నల్ల సూటు వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. కొత్త పళ్ళ మీద పై పెదవి ఇంకా కిందికి దిగడం లేదు. ఎంత లాగినా మళ్ళీ పైకే పోతోంది. టాలివర్ గారి భార్య కొడుకు చెయ్యి పట్టుకుని మెట్లెక్కి, ఆ తెల్లటి వరుస చూసి ఆగిపోయింది.

"వెర్లిన్! ఏమిటా నవ్వు?"

"నవ్వు కాదండీ, ఫళ్ళు" అన్నాడు బావ. మాటతోపాటు చిన్న ఈల వచ్చింది.

కొడుక్కి మండిపోయింది. "మా నాన్న ఎప్పుడో నీకు ఉద్యోగం ఇవ్వలేదని ఇంత కక్షా! శవం ముందు ఇకిలిస్తావా?"

లిండ్‌క్విస్ట్ పరుగున వచ్చి బావని పక్కకి లాగి, సాయంత్రం దాకా తలుపు తనే తీశాడు. 

కొన్నాళ్ళకి పెదవి దిగింది, ఈల ఆగింది. నవ్వు మాత్రం ఆగలేదు. అద్దం కనబడితే చాలు, బావ పళ్ళు చూసుకునేవాడు. కారు అద్దంలో, కొట్టు అద్దంలో, చివరికి పాలిష్ పెట్టిన శవపేటిక మూతలో కూడా. ఆ మూత దగ్గర లిండ్‌క్విస్ట్‌కి దొరికిపోయాడు.

"ఇక లాభం లేదు వెర్లిన్. రేపట్నుంచి వెనక గదిలో పూలు సర్దుకో."

"పళ్ళు లేవని ఒకరు వెనక్కి పంపారు. ఉన్నాయని మీరూ వెనక్కేనా?" అని బావ సూటు విప్పి ఇచ్చేశాడు.

పెళ్ళి ఫోటోల్లో ఆయన ముందు పెళ్ళికూతురు కూడా వెలవెలబోయింది. డాక్టర్ విట్‌కోంబ్ అలవాటు కొద్దీ దగ్గరికొచ్చి పరిశీలించాడు. "పై వరుస బ్రహ్మాండం. మరి కింది వరుస ఎవరు చూస్తున్నారు?"

"అది మీ కోసం అట్టిపెట్టాను బావగారూ!"

అందరూ గొల్లుమన్నారు. ఆ నవ్వు ఇచ్చిన ఊపులో బావ గ్లాసు పట్టుకుని లేచి, కూతురికి రెండు మాటలు దీవెన చెబుతానన్నాడు. దూడ తన్నిన దగ్గర్నుంచి ఎత్తుకున్నాడు. కేకు మీద క్రీము కరిగి కారుతున్నా ఆపలేదు. జనం పొట్టలు పట్టుకున్నారు. మా అక్క కళ్ళు తుడుచుకుంటూ నాతో అంది: "ఈ మనిషి కడుపులో ఇన్ని మాటలున్నాయని తెలిస్తే పెళ్ళికి ముందు ఇంకోసారి ఆలోచించేదాన్నిరా."

ఆ పెళ్ళికి వచ్చిన దాణా కొట్టు యజమాని అక్కడికక్కడే ఆయన్ని కౌంటరు దగ్గర పనికి పిలిచాడు. కోళ్ళ మేత కోసం వచ్చినవాళ్ళు ఆయన కబుర్లలో పడి గుర్రం జీను కూడా కొనుక్కుపోయేవారు, ఇంట్లో గుర్రం లేకపోయినా.

ఆ చలికాలం లిండ్‌క్విస్ట్ వాళ్ళమ్మ పోయింది. తొంభై దాటిన మనిషి. గుమ్మంలో హగర్టీయే ఉండాలని ఆవిడా ఎప్పుడో చెప్పిపెట్టింది. అది అడగడానికి కొడుక్కి మొహం చెల్లలేదు. బావకి ఎవరి ద్వారానో తెలిసి, పాత కోటు తొడుక్కుని తనంత తనే వెళ్ళాడు. మెట్ల దగ్గర పళ్ళు తీసి చేతిరుమాల్లో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. ఇప్పుడు పై వరుస మొత్తం లేదు కదా, బుగ్గలు లోపలికి పోయి ఆ ముఖం ఇదివరకటికన్నా ఘోరంగా తయారైంది. చూసినవాళ్ళంతా గుమ్మంలోనే బావురుమన్నారు.

జనం పలచబడ్డాక లిండ్‌క్విస్ట్ దగ్గరికొచ్చాడు. "ఆ ముఖం మళ్ళీ ఎక్కణ్ణుంచి తెచ్చావయ్యా?"

బావ నోరు బార్లా తెరిచి చూపించాడు.

లిండ్‌క్విస్ట్ నవ్వాడు. తల్లి శవపేటిక పక్కన నిలబడి, ఆపుకోలేక, గోడకి ఆనుకుని, ఏడుపులో పడేదాకా నవ్వాడు. బావ ఆయన వీపు నిమురుతూ అలాగే నిలబడ్డాడు. తర్వాత చర్చి కింది గదిలో వచ్చినవాళ్ళకి భోజనాలు పెడితే, కుళాయి దగ్గర పళ్ళు కడిగి పెట్టుకుని, హామ్ మాంసం, బంగాళాదుంపలు మారు వడ్డించుకున్నాడు. కుర్చీలు మడత పెట్టేస్తున్నా లేవకుండా, ఆ ముసలావిడ పాస్టరు గారి కోడిపుంజుని తరిమిన కథ చెబుతూనే ఉన్నాడు.