తెలుగు అరగంటలోకి వచ్చిన బొంగోలు

మయామీలో ఒక టైర్ల షాపు మేడ మీద ఉండేది ఆ రేడియో స్టేషన్. చాలా చిన్నది. వారమంతా స్పానిష్, ఆదివారం పొద్దున మాత్రం గ్రీకులకు అరగంట, హైతీవాళ్ళకు అరగంట, ఇలా ఊళ్ళో ఉన్న భాషలన్నిటికీ తలా ఒక ముక్క పంచేవారు. ఎనభైల మొదట్లో అందులో ఒక ముక్క నాకు దొరికింది. ఎనిమిదిన్నర నుంచి తొమ్మిది దాకా తెలుగు. వారంలో అయిదు రోజులు నేను కౌంటీ నీటి పైపుల ఇంజనీరుని, ఆదివారం అనౌన్సర్ని. జీతం లేదు. అయినా ఆ మైకు ముందు కూర్చుంటే నెత్తిన కిరీటం పెట్టినట్టుండేది, దాచుకోవడం ఎందుకు.

కార్యక్రమం నడిపే పద్ధతి నా చిన్నప్పుడు మన రేడియోలో విన్నదే. పాట కోరినవారి పేర్లు వరసగా చదవడం, ఆ తర్వాత పాట వేయడం. ఇక్కడ కోరేవాళ్ళెవరు? ఊరు మొత్తం మీద ఉన్నవి ముప్ఫై నలభై తెలుగు ఇళ్ళు. నేనే ఫోన్ చేసి ఏ పాట కావాలని అడిగేవాణ్ణి. ‘మీ ఇష్టమండీ’ అనేవారు. పేర్లు మాత్రం తప్పకుండా ఇచ్చేవారు. భార్య పేరు, పిల్లల పేర్లు, చూసిపోవడానికి వచ్చిన అత్తగారి పేరు. ఒకసారి ఒక డాక్టరుగారి చిన్నమ్మాయి పేరు వదిలేశాను. ఆ కుటుంబం రెండు నెలలు నాతో ముభావంగా ఉంది. తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్‌లో ఆ తల్లి నా ప్లేటు దాటుకుపోయి పక్కాయనకు పులిహోర వడ్డించింది. అప్పటినుంచి ఒక్క పేరూ జారిపోకుండా జాగ్రత్తపడ్డాను. పేర్లు పెరిగాయి, పాటలు తరిగాయి. ఆరు పాటలు నాలుగయ్యాయి, నాలుగు రెండున్నరయ్యాయి. రెండో చరణం ఎత్తుకునేసరికి గొంతు నొక్కేసినట్టు ఆపేసేవాణ్ణి.

మా ఆవిడ హాస్పిటల్ ల్యాబ్‌లో పనిచేసేది. ఆదివారాలు డ్యూటీ ఉండేది కాబట్టి పదకొండేళ్ళ మా అమ్మాయిని నా వెంట తీసుకెళ్ళేవాణ్ణి. అది నా కార్యక్రమం వినేది కాదు. తొమ్మిదింటికి నా తర్వాత మైకు అందుకునే క్యూబా ఆవిడ కోసం వరండాలో కాచుకుని కూర్చునేది. ఆవిడకు అరవై దగ్గరుంటాయి. పౌడరూ లిప్‌స్టిక్కూ లేకుండా వచ్చేది కాదు, వినేవాళ్ళకు ముఖం కనిపించదని ఎవరైనా గుర్తుచేస్తే విసుక్కునేది. ఫ్లాస్కులో చిక్కటి కాఫీ తెచ్చి గుక్కెడు గుక్కెడు పోసిచ్చేది. గంటసేపు స్పానిష్ పాటలు వేస్తూ కుర్చీలోనే భుజాలు ఊపేది. పక్కన మా అమ్మాయి నిలబడి ఊగేది.

స్టూడియోలో ఫోన్ మోగదు, కాల్ వస్తే ఎర్రలైటు వెలుగుతుంది. ఆవిడ గంటలో ఆ లైటు ఆరేది కాదు. నా అరగంటలో వెలిగేది కాదు. ఒక జూన్ ఆదివారం మేనేజర్ నన్ను పిలిచి సంగతి చెప్పాడు. ఫోన్లు రాని కార్యక్రమానికి ప్రకటనలు రావు, ఆగస్టు ఆఖరుదాకా చూస్తాను, ఆపైన ఆ అరగంట ఇంకొకరికి ఇచ్చేస్తాను అన్నాడు. మర్యాదగానే అన్నాడు. ఆ ఊళ్ళో రేడియోలో తెలుగు వినిపించేది వారానికి ఆ కాసేపే. అదీ పోతే నా కూతురు చెవిన పడే తెలుగు నా చీవాట్లు ఒక్కటే.

ఆ వేసవిలోనే ఒక బ్యాండు కొత్త రికార్డు వచ్చింది. బ్యాండు ఆ ఊరిదే. క్యూబావాళ్ళ పెళ్ళిళ్ళలో, ఆడపిల్లలకు పదిహేనేళ్ళు నిండినప్పుడు చేసే వేడుకల్లో స్పానిష్‌లో పాడి పేరు తెచ్చుకున్నవాళ్ళు. ఇప్పుడు దేశమంతా వినాలని ఆల్బమ్ మొత్తం ఇంగ్లీషులో పాడారు. డ్రమ్ములు, ట్రంపెట్లు మాత్రం పెళ్ళిపందిరి నాటివే. క్యూబా ఆవిడ దాన్ని తన స్పానిష్ గంటలో వేసేసింది. ఎప్పటిలాగే ఎర్రలైటు వెలిగింది. కానీ ఈసారి తిట్టడానికే. మన భాష చెప్పుకోవడానికి సిగ్గుగా ఉందా అని ఒక పెద్దాయన, నువ్వు కూడానా అని ఇంకొకాయన. ఆవిడ అందరికీ ఓపిగ్గా ‘సరే, సరే’ అని చెప్పి, మళ్ళీ అదే పాట వేసింది.

నేను లోలోపల ఆ పెద్దాయనల పక్షమే. ఆ మాట ఆవిడతోనే అన్నాను, భాష ఒకసారి చేజారితే మళ్ళీ దొరకదని. ఆవిడ కోపగించుకోలేదు. హెడ్‌ఫోన్లు తీసి నా చెవులకు తగిలించింది.

“డ్రమ్ములు వినండి. వాటికి ఇంగ్లీషు వచ్చిందా?” అని అడిగింది.

తన మనవరాలు ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా తన గంట వినలేదని, పోయిన ఆదివారం ఫోన్ చేసి ఇంకోసారి వేయమని అడిగిందని చెప్పింది. అది చెప్పేటప్పుడు ఆవిడ లిప్‌స్టిక్ వణికింది. హెడ్‌ఫోన్లు తీసి ఆవిడకు తిరిగిచ్చాను.

మా అమ్మాయి పాకెట్ మనీతో ఆ ఆల్బమ్ క్యాసెట్ కొనుక్కుంది. కార్‌లో అదే, ఇంట్లో అదే. ఒకరోజు డ్రైవ్ చేస్తూ విసుగొచ్చి, వాళ్ళవి ఇన్నిసార్లు వింటావు, మన పాటలు ఒక్కసారి వినవేం అని అడిగాను.

“నాన్నా, నువ్వు సాంగ్స్ వెయ్యవు. అటెండెన్స్ తీసుకుంటావు. తమ నేమ్ వచ్చాక అందరూ ఆఫ్ చేసేస్తారు. ఐ సా ఇట్. డాక్టర్ అంకుల్ వాళ్ళింట్లో.”

ఒళ్ళు మండిపోయింది. సాయంత్రం మా ఆవిడ దగ్గర ఫిర్యాదు పెడితే, ఆవిడ పప్పు తాలింపు వేస్తూ, ల్యాబ్‌లో డ్యూటీ లేని ఆదివారం తనూ అదే చేస్తానని చల్లగా చెప్పింది. ఇంత అవమానం నా జన్మలో పడలేదు. అది నిజమని తెలుస్తూ ఉండటం వల్ల మరీ బాధేసింది.

నా క్యాసెట్లన్నీ ఒక చెప్పుల డబ్బాలో ఉండేవి. వాటిలో మా బావమరిది హైదరాబాదు నుంచి రికార్డు చేసి పంపినది ఒకటి ఉంది. ఒకవైపు భక్తిగీతాలు, రెండోవైపు పాత సినిమాల్లో క్లబ్బు డాన్సుల పాటలు. ఆ రెండోవైపు నేను ఏనాడూ రేడియోలో వేయలేదు. పరాయి దేశంలో మన పరువు ఏమవుతుందని. మా అమ్మాయి ఖాళీ క్యాసెట్ కోసం వెతుకుతూ దాన్ని తీసి పెట్టింది. కాసేపటికి వంటింట్లో ఉన్న నాకు బొంగోలు, ఆ క్యూబావాళ్ళ జంట డ్రమ్ములు, వినిపించాయి, వెనకే ట్రంపెట్. మా అమ్మాయి పరిగెత్తుకొచ్చింది.

“నాన్నా, ఇది తెలుగా? నిజంగా మనదా?”

మనదే అన్నాను. నేను కాలేజీలో ఉండగా ఆ పాటకు నేల టికెట్లో ఈలవేసిన సంగతి కూడా నోరుజారి చెప్పేశాను. అది నన్ను కొత్తమనిషిని చూసినట్టు చూసింది.

తర్వాతి ఆదివారం మా అమ్మాయి క్యూబా ఆవిడకు ఆ పాట వినిపించింది. ఆవిడ ఫ్లాస్కు మూత పట్టుకుని అలాగే నిలబడిపోయింది. తన పెళ్ళికి ముందు హవానాలో ఇదే దరువుకు ఆడానని, ఇది ఇండియా దాకా ఎప్పుడు పోయిందని అడిగింది. నాకేం తెలుసు. రికార్డుల్లోనో సినిమాల్లోనో ఎక్కి వచ్చి ఉంటుంది. నేను పరువు తక్కువని డబ్బాలో మూసిపెట్టినదాన్ని ఆవిడ కళ్ళు మూసుకుని వింటోంది. ఆ క్షణం సిగ్గేసింది, నిజంగా.

ఆగస్టులో మిగిలిన ఆఖరి ఆదివారం పేర్ల కాగితం ఇంట్లోనే వదిలేశాను. పోయేదే అయితే పాటలతో పోనీ అనుకున్నాను. మైకు ముందు మా అమ్మాయిని కూర్చోబెట్టాను.

“హాయ్. ఇవాళ పేర్లు లేవు. సారీ అంకుల్స్, సారీ ఆంటీస్” అని మొదలుపెట్టింది.

అది ఇంగ్లీషులో, మధ్యమధ్య వంకర తెలుగులో, సినిమా కథ చెప్పింది. క్లబ్బులో ఒకామె ఆడుతూ దొంగల కళ్ళుగప్పుతోంది, ఆ సందులో హీరో గోడ దూకుతున్నాడు. ముందు ఆ ఆల్బమ్ పాట సగం వేసింది, డ్రమ్ములు గుర్తుపెట్టుకోండి అంది. వెంటనే మన పాట, రెండో చరణంతో సహా, పూర్తిగా వేసింది.

ఎర్రలైటు వెలిగింది. మొదట డాక్టరుగారు, మా పేర్లేవండీ అని కోపంగా అడిగారు. ఆయన ఫోన్ పెట్టీపెట్టగానే అదే ఇంటినుంచి ఆయన చిన్నమ్మాయి, ఆ తెలుగు పాట మళ్ళీ వేయమని. తర్వాత ఇంకో ఇల్లు, ఇంకో ఇల్లు. తొమ్మిదింటి కార్యక్రమం కోసం తొందరపడి రేడియో పెట్టుకున్న ఒక క్యూబా తాతగారు, ఆ పాడుతున్న ఆమెది ఏ దీవి అని అడిగారు. తలుపు దగ్గర మేనేజర్ చేతులు కట్టుకుని ఆ లైటునే చూస్తున్నాడు.

అరగంట మాకే ఉంచుతాను, అయితే అమ్మాయే మాట్లాడాలి అన్నాడు. చిన్నపిల్లను అడగాలి కదా అని దాని వంక చూశాను. అది ఆలోచించి తనూ ఒక షరతు పెట్టింది. ఏ పాట వేయాలన్నా ముందు తనకు దాని అర్థం తెలియాలట. తెలియని పాట గురించి ఊరందరి ముందు ఏం మాట్లాడతానని అడిగింది.

సోమవారం సాయంత్రం ఆఫీస్ నుంచి వచ్చేసరికి డైనింగ్ టేబుల్ మీద టేప్‌రికార్డరు, స్కూలు నోటుబుక్కు పెట్టుకుని కూర్చుని ఉంది. రెండేళ్ళుగా నేను తెలుగులో ఏం అడిగినా సగం ఇంగ్లీషులోనే జవాబిచ్చిన పిల్ల. ఒక పాట వేసింది, నాలుగో మాట దగ్గర ఆపింది, దాన్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుని నావైపు తిరిగింది.

“నాన్నా, ఇది ఏంటి? నెమ్మదిగా చెప్పు” అంది.

టై కూడా విప్పకుండా పక్కన కూర్చున్నాను. మైకు నా చేతిలోంచి పోయినందుకు అప్పటిదాకా మనసులో ఏ మూలో కాస్త బాధగానే ఉంది. నెమ్మదిగా చెప్పాను. అది మళ్ళీ అడిగింది. మళ్ళీ చెప్పాను.