పురిటింట్లో రెండు విస్తళ్లు

ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. రోజూ డైరీ రాసే అలవాటున్నా అందులో కూడా పెట్టలేదు. నా ఉద్యోగ జీవితం మొత్తంలో రుచి తెలిసి, కడుపు నిండా తిన్న భోజనం మిర్యాలగూడలో ఒక పురిటింట్లో తిన్నాను. కిటికీ లేని గది, బాలింత పథ్యపు అన్నం. రోగుల ఇళ్లలో మంచినీళ్లు తప్ప ఏదీ ముట్టవద్దని మాకు నియమం ఉండేది.

1949 ఎండకాలం మొదట్లో నన్ను సూర్యాపేట దవాఖాన నుంచి మిర్యాలగూడకు మిడ్‌వైఫ్‌గా బదిలీ చేశారు. పోలీసు చర్య జరిగి ఏడాది కూడా నిండలేదు. ప్రభుత్వం మారినా మా కాగితాలు ఇంకా ఉర్దూలోనే నడిచేవి. దవాఖానలో డాక్టరు తర్వాత కంపౌండరు, ఆయన తర్వాత కట్లు కట్టే డ్రెస్సరు, ఆ తర్వాత మేము. మిర్యాలగూడది చిన్న దవాఖాన. ఆడ డాక్టరు లేదు. కాన్పు కష్టమైతే సూర్యాపేటలో ఉన్న డాక్టరమ్మకు కబురు పంపాలి. నాకప్పుడు ఇరవై రెండేళ్లు. పరాయివాళ్లతో మాట్లాడాలంటే ముందు మనసులో వాక్యం కూర్చుకునేదాన్ని. కూర్చుకునేలోగా ఎదుటివాళ్లు వేరే మాటలోకి వెళ్లిపోయేవాళ్లు.

దవాఖాన వెనక గదిలో ఉండేదాన్ని. ఒక్కదానికి వండుకోవడం నాకు చివరిదాకా చేత కాలేదు. పిడికెడు బియ్యం పోస్తే అన్నం మాడేది, ఇంకొంచెం పోస్తే మరునాటికి మిగిలేది. అన్నం ముందు కూర్చున్నప్పుడు ఎడమ చేతి కింద ఒక పుస్తకం తెరిచి పెట్టుకునేదాన్ని. పేజీ అయిపోయేసరికి పళ్లెం ఖాళీ అయ్యేది. ఏం తిన్నానో గుర్తుండేది కాదు.

కాన్పుకు పోయిన ఇళ్లలో నా చోటు అరుగు. మా నాయన కోదాడ దగ్గర మిషన్ బడిలో పంతులు. మేం రెండు తరాల కింద క్రైస్తవంలో చేరినవాళ్లం. అంతకు ముందు మాది ఏ వాడో ఎవరూ అడిగేవాళ్లు కాదు, అందరికీ తెలిసే ఉండేది. కాన్పు గదిలోకి చేయి పట్టుకుని తీసుకుపోయేవాళ్లు. పని అయ్యాక నేను నా డబ్బా తీసుకుని అరుగు మీదికి వచ్చి తినేదాన్ని. ఎవరూ పొమ్మనేవాళ్లు కాదు. చెప్పకముందే వచ్చేయడం నాకు అలవాటు.

అండాలు అనే పిల్ల కాన్పు ఆ ఎండకాలంలోనే. వాళ్లది వ్యవసాయ కుటుంబం. పందొమ్మిదేళ్ల పిల్ల, పుట్టినూరు కోదాడ అవతల. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి. కాని ఆమె తల్లి ఆ ఏడే చనిపోయింది. అన్నావదినలు చలికాలంలో వచ్చి తీసుకుపోతామని చెప్పి రాలేదు. అందుకని అత్తగారింట్లోనే కన్నది. ఆడపిల్ల. బిడ్డ బాగానే పుట్టింది గాని మాయ పడడం ఆలస్యమై చాలా రక్తం పోయింది. కడుపు మీద చేయి వేసి గర్భసంచి గట్టిపడేదాకా రుద్దుతూ, ఎర్గట్ మందు తాగించాను. రక్తం ఆగింది. కాని కింది రెప్ప తిప్పి చూస్తే ఎరుపన్నది లేదు.

కాన్పు అయ్యాక పది రోజులు బాలింతను రోజూ చూసి రావాలని మాకు పద్ధతి. నాడి, జ్వరం, గర్భసంచి ఎంతవరకు దిగింది, బిడ్డ బొడ్డు ఎండుతున్నదా లేదా చూడాలి. బిడ్డను గుడ్డలో వేసి స్ప్రింగు తాసుకు తగిలించి తూచాలి. ఇళ్లలో ఆ పది రోజులూ పురుడు, అంటే మైల. బాలింతను తాకినవాళ్లు తలకు నీళ్లు పోసుకోకుండా వంటింట్లో అడుగుపెట్టకూడదు. పగలంతా పొయ్యి దగ్గర ఉండే అత్తగారు లింగమ్మ గడప ఇవతల విస్తరి పెట్టి, చేయి పైకెత్తి అన్నం వేసి వెళ్లిపోయేది. ఆ గదిలోకి వచ్చి పోయేది నీళ్లు పోసే మంత్రసాని, నేను, అంతే.

రెండో రోజు వెళ్లేసరికి విస్తరి గోడ పక్కకు జరిపి ఉంది. చీమలు పట్టాయి. మూడో రోజూ అంతే. పాలు పడలేదు. బిడ్డ రొమ్ము పట్టి, విడిచి, ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లేది. తాసులో ముల్లు రోజూ కొంచెం కొంచెం వెనక్కి పోతున్నది. సూర్యాపేటకు కబురు పంపితే బస్సు డ్రైవరు చేతికి డాక్టరమ్మ జవాబు ఇచ్చింది. ఇనుము మాత్రలు వాడు, ఎట్లాగైనా తినిపించు, తేరుకోకపోతే సూర్యాపేటకు పంపు అని. లింగమ్మకు ఆ మాట చెప్పాను.

"పురుడు వెళ్లకముందు బాలింత గడప దాటుతదా? ఊరు ఊరంత నవ్వుతది," అన్నది. మళ్లీ తనే, "నేను పెట్టకనా నర్సమ్మా? అది తినకుంటే నేనేం జెయ్యాలె?" అన్నది. ఆ గొంతులో కోపం లేదు, భయం ఉంది.

నేను మొదట పథ్యాన్ని తప్పుపట్టాను. పాత బియ్యం అన్నం, నిప్పుల మీద కాల్చిన వెల్లుల్లి, వాము వేసి దంచిన కారం, కాచిన నెయ్యి. పులుపు, పప్పు, చల్లనివి వద్దు. రోజూ అదే పెడితే ఎవరికి సహిస్తుంది అనుకుని ఉడికించిన గుడ్డు, బార్లీ జావ నేనే చేసి తీసుకుపోయాను. అండాలు గుడ్డు వైపు చూసి తల అటు తిప్పుకుంది. శిక్షణలో నేర్పిన ఆహార సూత్రాలన్నీ వరసగా చెప్పాను. నాకు కంఠతా వచ్చు. ఆ పిల్ల మర్యాదగా విన్నది.

"ఆకలి లేదా?" అని చివరికి అడిగాను.

"కడుపు నకనకలాడుతంది. ముద్ద నోట్లో పెట్టుకుంటే ఎదురుగా గోడే. ఇగ గొంతు పట్టుకుంటది," అన్నది. పుట్టింట్లో ఆడవాళ్లంతా ఒకే తాంబాళం చుట్టూ కూర్చుని తినేవాళ్లట. పుట్టి బుద్ధెరిగాక ఒంటరిగా ఒక్క పూట తినలేదట. అత్తగారింట్లో కూడా పొలం పనికి పోయే ఆడవాళ్లతో కలిసి తినేది. తర్వాత నా డబ్బా వైపు చూసింది. "నువ్వు తినవా?"

అరుగు మీద తింటానని చెప్పాను.

"ఒక్కదానివేనా?"

పుస్తకం ఉంటుందని చెప్పాను. నా సంచిలోంచి దాని అంచు కనిపిస్తున్నది.

అండాలు దాన్ని చూసి, కాన్పు తర్వాత మొదటిసారి నవ్వింది. "అక్షరాలు నంజుకుని తింటావా నర్సమ్మా?"

నేను లేచి అరుగు మీదికి పోలేదు. అక్కడే డబ్బా విప్పాను. జొన్నరొట్టె, తొక్కు. నేను ఒక ముక్క తుంచితే ఆమె ఒక ముద్ద కలిపింది. నా చేయి నోటి దాకా పోతేగాని ఆమె చేయి లేచేది కాదు. నాలుగు ముద్దలు తిన్నది. ఐదోది తింటుండగా గడప దగ్గర లింగమ్మ వచ్చి నిలబడింది. నేను రొట్టె డబ్బాలో పెట్టేసి లేవబోయాను. నా సంజాయిషీ వాక్యం ఇంకా తయారు కాలేదు.

లింగమ్మ ముందు విస్తరి చూసింది, తర్వాత నన్ను. "కూసో, కూసో. ఎట్లనన్న పురిటిల్లే గద. మైలల మైల, ఇందుల తప్పేమున్నది? అది తింటున్నది, గదే శానా," అన్నది. మరునాటి నుంచి మోదుగాకు విస్తళ్లు రెండు వచ్చాయి. రెండింటిలోనూ అన్నం అంతే ఎత్తు నుంచి పడేది.

రోగి ఇంట్లో తినకూడదన్న దవాఖాన నియమం నాకు గుర్తే ఉంది. రోగి తింటున్నది గనుక ఇది చికిత్సలో భాగమే అని నాకు నేను చెప్పుకున్నాను. అది నిజమే. కాని పొద్దున లేచినప్పటి నుంచి నేను ఆ పూట కోసం చూసేదాన్ని. అది ఇంకా నిజం.

అండాలుకు అన్నం తినడంలో ఒక క్రమం ఉండేది. విస్తరి మధ్య అన్నంలో చిన్న గుంట చేసి, అందులో కారం వేసి, నెయ్యి పోసి, అన్నంతోనే మూత వేసేది. వెంటనే తినేది కాదు. "మాగనీ," అనేది. ఆ కాసేపూ బిడ్డ కాళ్లు పిసుకుతూ కూర్చునేది. తర్వాత మూత తీస్తే నెయ్యి ఎర్రగా లోపలికి దిగి ఉండేది. వెల్లుల్లి రెబ్బను పళ్ల మధ్య పెట్టి ఒక్క నొక్కు నొక్కితే లోపలిది లోపలికి పోయేది, పొట్టు చేతిలో మిగిలేది. నేను గోటితో పొట్టు తీస్తుంటే చూడలేకపోయేది. "నువ్వు పొట్టు తీసేలోగా నా బిడ్డ పెండ్లి అయితది," అనేది. నేను అన్నం కొంచెం కొంచెంగా తినడం చూసి, "గట్ల కోడి ఏరినట్టు ఏరకు, దాని ఉసురు తగులుతది," అనేది. ఎవరి ఉసురని అడిగితే, "అన్నం ఉసురు," అనేది.

ఆ పద్ధతిలోనే నేనూ తిన్నాను. వేడి అన్నంలో కాలిన వెల్లుల్లి తియ్యగా ఉంటుందని, వాము ఘాటు ముద్ద మింగాక వస్తుందని అప్పుడే తెలిసింది. మా అమ్మ బతికుండగా ఇట్లాంటివి చాలా తినే ఉంటాను. అప్పుడూ ఎడమ చేతి కింద పుస్తకం ఉండేది.

నాది కోదాడే అని ఒకనాడు చెప్పాను. అండాలు ముద్ద పట్టుకునే ఆగిపోయింది. "ఇన్ని దినాలు ఉగ్గబట్టుకుని కూర్చున్నావా? ముందే చెప్పొద్దా?" అన్నది. తర్వాత ఇద్దరం పుల్ల గోంగూర గురించి చాలాసేపు మాట్లాడుకున్నాం. నేను అంతసేపు మాట్లాడగలనని నాకు తెలియదు. కోదాడ దాటితే ఆంధ్రే గనుక, గడప అవతలి నుంచి లింగమ్మ, "ఇద్దరికిద్దరు ఆంధ్రోళ్లు దొరికిన్రు," అని ఎగతాళి చేసింది.

పాలు పడ్డాయి. బిడ్డ కడుపు నిండి నిద్రపోసాగింది. తాసులో ముల్లు ఆగి, మెల్లగా ముందుకు కదిలింది. రెప్ప లోపల లేత ఎరుపు వచ్చింది. సూర్యాపేటకు పంపే అవసరం లేదని రిపోర్టు రాశాను. బాలింత ఆహారం తీసుకుంటున్నది అని ఉర్దూలో ఒక్క పంక్తి. ఎట్లా తీసుకుంటున్నదో రాయడానికి ఆ నమూనాలో చోటు లేదు.

పదో రోజు బిడ్డను ఆఖరిసారి తూచాను. లెక్క ప్రకారం నా పని అక్కడితో అయిపోయింది. పదకొండో రోజు పురుడు స్నానం. మిడ్‌వైఫ్ వెళ్లవలసిన పని లేదు. ఏమైనా జ్వరం తగిలిందేమో ఒకసారి అడిగి రావాలనుకుని బయలుదేరాను. డబ్బా తీసుకుపోలేదు.

ఇల్లంతా అలికి ముగ్గులు వేశారు. పురిటి గదిలో చాప, గుడ్డలు తీసేసి తలుపు బార్లా తెరిచి పెట్టారు. నట్టింట్లో ఉయ్యాల కట్టారు. లింగమ్మ తపాల చెక్క చేస్తున్నది. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, వెల్లుల్లి కలిపి, తపాల అడుగున పలచగా అద్ది, వేలితో గుంటలు పెట్టి నూనె పోసి కాల్చే రొట్టె అది. అడుగు ఎర్రగా మాడిన వాసన వీధి వరకు వచ్చింది. ఇంట్లో ఆడవాళ్లంతా వరసగా కూర్చుని ఉన్నారు. మధ్యలో అండాలు, తడి జుట్టు, కొత్త చీర. నన్ను చూసి మొహం విప్పారింది. పక్కనున్న ఆమెతో, "కోదాడ నర్సమ్మ, నన్ను బతికించింది," అని చెప్పింది. ఆ పది రోజుల అలవాటులో నేను గడప దాటి ఆమె వైపు రెండడుగులు వేశాను. ఎవరూ ఏమీ అనకముందే ఆగిపోవడం ఆ ఒక్కనాడు నాకు చేత కాలేదు.

తర్వాత నేను చాలా ఊళ్లలో పనిచేశాను. చివరి ఏళ్లలో కొత్తగా చేరిన మిడ్‌వైఫ్‌లకు శిక్షణ ఇచ్చాను. బాలింత తినడం లేదని ఎవరైనా వస్తే, ఏం పెడుతున్నారని అడిగాక, ఎవరి పక్కన కూర్చుని తింటున్నదో కూడా అడిగి రమ్మని పంపేదాన్ని. అది పాఠ్యపుస్తకంలో లేదు, కాని చాలాసార్లు పనికొచ్చింది. ఒక ఇంట్లో మనకు దొరికే చోటు మనం చేసే పనిని బట్టి ఉంటుందని, పని అయిన రోజే ఆ చోటూ అయిపోతుందని, అందులో ఇంటివాళ్ల మంచిచెడులు వెతకడం వృథా అని కూడా నేర్చుకున్నాను. ఇది మాత్రం వాళ్లకు చెప్పలేదు. ఎవరికి వాళ్లకు తెలిసి వస్తుంది.

అండాలును మళ్లీ చూడలేదు. ఆ రోజు నేను రెండడుగులు వేసినప్పుడు ఆమె బిడ్డను ఒడిలోకి దగ్గరగా తీసుకుని, కొంచెం వెనక్కి జరిగి, ఎప్పటిలాగే నవ్వుతూ, ఎంతో ఆప్యాయంగా అన్నది:

"తాకకు నర్సమ్మా, తానం చేసిన. నీకు అరుగు మీద పెట్టమన్న, సల్లారకముందే తిను."